ఆదివారం నడిచిన స్టీమరు

మా పల్లె చర్చిలో రెండో కీర్తన సగంలో ఉండగా స్టీమరు కూత వినబడింది. పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు గాని, ముందు వరసలో చాప మీద కూచున్న దానేలు మావయ్య తలెత్తాడు. రేవుకు వచ్చేముందు వేసే రెండు పొట్టి కూతలు కావవి. ఒకటే పొడుగు కూత, ఆవిరి అడుగంటేదాకా. కాసేపాగి, మళ్ళీ కూడదీసుకుని ఇంకొకటి. కృష్ణ మీద ఆ స్టీమరు నడిచిన అన్నేళ్ళలో ఆదివారం నడిచింది లేదు. నీళ్ళలో దానికి దారి చూపే వెదురు గుర్తులు ముప్పై పైచిలుకు, చర్చి దక్షిణపు గోడకు ఆనించి ఎండకు ఆరుతున్నాయి. ఆ గుర్తులు నాటేవాడూ పీకేవాడూ మా దానేలు మావయ్యే. ఆయన లేచి నిలబడ్డాడు. "కొంగల దిబ్బ ఎక్కేసింది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. ప్రార్థన చేయిస్తున్న అయ్యగారు పుస్తకం మూసి, "వెళ్ళు దానేలూ, దేవుడు ఏవీ అనుకోడు" అన్నారు. దేవుడు ఏమీ అనుకోలేదు. అనుకున్నవాళ్ళు వేరే ఉన్నారు.

ఇదంతా ఇప్పుడు రాయవలసి రావడానికి కారణం నాలుగు నెలల కిందట మా ఇంటికి వచ్చిన ఒక కుర్రాడు. విజయవాడ నుంచి పైకి, వేదాద్రి దాకా విహార నౌక నడపాలని ఒక కంపెనీ వాళ్ళు అనుకుంటున్నారట. పాత రోజుల్లో ఈ దారిలో స్టీమరు నడిచేదని ఎవరో చెప్పారట. "సార్, ఆ హిస్టరీ మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదన్నారు. రెండు పేజీలు రాసివ్వండి సార్. బ్రోషర్లో వేస్తాం. కొంచెం పాజిటివ్‌గా" అన్నాడు. రాసిచ్చాను. ప్రూఫు వచ్చింది. కూత ఉంది, పొగ ఉంది, మిరప బస్తాలు ఉన్నాయి. ఆదివారం లేదు, దానేలు మావయ్య లేడు. ఫోన్ చేస్తే, "స్పేస్ లేదు సార్" అన్నాడు. నలభై ఏళ్ళు పత్రికలో పనిచేసి ఆ మాట నేను ఎంతమందితో అన్నానో లెక్కలేదు. వినడం మాత్రం నా జీవితంలో రెండోసారి. మొదటిసారి విన్నది ఆ ఆదివారం తరవాత మంగళవారం.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నాన్న నందిగామలో మిషను బడి పంతులు. నేను ఇంటర్ అయ్యాక టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ, ఊరికే ఉండలేక బెజవాడ నుంచి వచ్చే దినపత్రికకు నందిగామ వార్తలు పంపేవాణ్ణి. సంతలో మిరప ధర, వీరులపాడులో తగలబడ్డ గడ్డివాములు, ఎవరో ఒకరి సన్మానం. శనివారం సాయంత్రమైతే సైకిలెక్కి, చందర్లపాడు మీదుగా అమ్మ పుట్టిల్లున్న ఏటి ఒడ్డు పల్లెకు పోయేవాణ్ణి. వార్తల కోసం అని నాన్నకు చెప్పేవాణ్ణి. అసలు పోయేది కరుణమ్మ అత్తయ్య చేసే చేపల పులుసు కోసం. మట్టి దాకలో, మామిడి ఒరుగు వేసి, పొయ్యి మీంచి దించాక కూడా కుతకుతలాడుతుండేది. మావయ్య అప్పటికి ఏట్లోంచి వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉండేవాడు. ఆ కాళ్ళు చూడాలి. వారమంతా నీళ్ళలో నాని మడమలు బీటలు వారి, తెల్లగా, ఉడికిన వేరుశనగ తొక్కలాగ ఉండేవి. అత్తయ్య ఆముదంలో మైనం కరగబెట్టి, వేడివేడిగా ఆ బీటల్లో పూసేది. ఆయన 'అబ్బా' అంటే, "ఏట్లో దిగేప్పుడు లేదు, మా ఇంట్లోనే వస్తదీ నొప్పి" అనేది. ఆముదం, మైనం, పులుసు, తడి వెదురు కలిసిన ఆ వాసన నాకు శనివారం వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం కాగుతుంటే మర్నాడు సెలవనిపిస్తుంది.

ఆ స్టీమరును గోదావరి మీద వాడి వాడి వదిలేస్తే బెజవాడ వర్తకులు కొందరు కలిసి కొన్నారని పెద్దవాళ్ళు చెప్పేవారు. బల్లపరుపు ఇనప పొట్ట, వెనక పెద్ద చక్రం, మధ్యలో కట్టెలతో మండే బాయిలరు. రేవు రేవునా తుమ్మ దుంగలు పేర్చి ఉండేవి. బెజవాడ ఆనకట్ట ఎగువన బయల్దేరి ముక్త్యాల రేవు దాకా ఒక రోజు, మర్నాడు తిరుగు ప్రయాణం. సోమవారం నుంచి శనివారం దాకా అదే పని. ఆదివారం బెజవాడలో బాయిలరు చల్లార్చి, లోపల బూడిద, మడ్డి గీకేవారు. జగ్గయ్యపేట వాళ్ళు ముక్త్యాలలో ఎక్కేవారు, నందిగామ వైపు వాళ్ళు మా రేవులో. పై అంతస్తులో కాన్వాసు నీడ, చెక్క బల్లలు. కింద మిరప బస్తాలు, పొగాకు, సున్నం బుట్టలు. మిరప ఘాటుకు పైనున్నవాళ్ళూ కిందున్నవాళ్ళూ ఒకటే తుమ్ములు. "బయల్దేరేప్పుడు తుమ్మకూడదంటారు. ఆ లెక్కన ఈ పడవ జన్మకి కదలదు" అని ఎవరో ఒకరు ప్రతిసారీ అనడం, అందరూ కొత్తగా విన్నట్టు నవ్వడం ఆ ప్రయాణంలో భాగం.

నడిపే సరంగు మస్తాన్ సాయిబు. బక్కపలచని మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఆయన చక్రం పట్టుకునేవాడే గాని, దారి తెలిసింది మావయ్యకే. మాఘమాసం వచ్చేసరికి కృష్ణలో నీళ్ళు తగ్గి ఇసక మేటలు పైకి తేలేవి. మేటలు ఒకచోట ఉండవు. ఇవాళ మొల లోతున్న చోట ఎల్లుండికి చీలమండ తడవదు. అందుకని సోమవారం తొలి వెలుగులో మావయ్య నాటు పడవలో వెదుళ్ళు వేసుకుని పోయి, తనే నీళ్ళలో దిగి, పాదాలతో అడుగు తడుముకుంటూ నడిచేవాడు. స్టీమరుకు మూడడుగుల నీళ్ళు కావాలి. ఎక్కడ ఉన్నాయో అక్కడ తాటాకు కట్టిన వెదురు పాతేవాడు. ఆ వెదుళ్ళ వెంట పోతే చాలు. శనివారం ఆఖరి పడవ దాటిపోగానే అన్నీ పీకేసేవాడు. పీకకపోతే రెండు రాత్రుళ్ళలో సగం కంచెలకు పోతాయి. మొదళ్ళు ఆరకపోతే కుళ్ళుతాయి. అన్నిటికంటే ముఖ్యం, సోమవారానికి ఇసక కదిలిపోయి అవి తప్పు చోట నిలబడతాయి. "అబద్ధం చెప్పే గుర్తు కంటే గుర్తు లేకపోటమే నయం, అల్లుడూ" అనేవాడు. మస్తాన్ సాయిబు మా రేవులో పడవ ఆపగానే మొదట అడిగేది, "ఏం దానేలూ, ఎట్టా ఉందీ మన కోడలు?" అని. ఏటిని ఇద్దరూ కోడలనేవారు. "రాత్రి పడుకున్నచోట లేదు సాయిబూ, జరిగింది" అనేవాడు మావయ్య. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్య కాగితం లేదు, సంతకం లేదు. ఆ రెండు మాటల మీద స్టీమరు నడిచింది.

ఆ ఆదివారం మావయ్య ఉతికిన పంచెతోనే ఏట్లో దిగాడు. వెనక చర్చి చర్చంతా వచ్చింది, నేను నోటు పుస్తకంతో. కొంగల దిబ్బ మీద స్టీమరు ముక్కు పైకెత్తి కూచుంది. చుట్టూ మామిడాకు తోరణాలు, పైన సన్నాయి వాళ్ళు, పట్టుచీరలు. బెజవాడ ఆసామి ఒకాయన కూతురి పెళ్ళికి నడిరాత్రే బయల్దేరి వేదాద్రి పోతున్నారు. పదకొండున్నరకు ముహూర్తం. స్టీమరు ఏజెంటుగారు ప్రత్యేకంగా ఒప్పుకుని, తనూ వెంట వచ్చాడు. మేం దగ్గరికి పోయేసరికి పెళ్ళికూతురి తండ్రి పై నుంచి అరుస్తున్నాడు.

"ఎవడ్రా గుర్తులు పీకింది?"

"నేనేనండి" అన్నాడు మావయ్య, రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి.

"చూశారా, వాడే ఒప్పుకుంటన్నాడు!"

"శనివారం శనివారం పీకుతానండి. ఆదివారం పడవ లేదు కదండి."

"కబురు పంపాం కదయ్యా నిన్ననే!" అన్నాడు ఏజెంటు.

"నాకు రాలేదండి."

"వచ్చే ఉంటది. గుర్తు తెచ్చుకో."

మావయ్య మస్తాన్ సాయిబు వైపు చూశాడు. సాయిబు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. గుర్తులు కనబడకపోయినా ఎందుకు వచ్చాడంటే, శుక్రవారం ఎగువకు పోయిన దారి తలచుకుని, పై నుంచి 'పోనీ, పోనీ' అని తరుముతుంటే వచ్చాడు. ఆ సంగతి తరవాత తెలిసింది.

బరువు తగ్గితే గాని పడవ లేవదని అందర్నీ దిబ్బ మీదికి దించారు. ఏటి నడుమ ఇసక మీద గొడుగుల కింద పట్టుచీరలు, ఎదురుగా మా పల్లె జనం. మధ్యన నాలుగు బారల ఎడం. ఆ ఎడం ఎందుకో ఆ రోజుల్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా సంఘపెద్ద యాకోబు తాత, "మన ఆరాధనకి ఏనాడూ ఇంతమంది రాలేదురా" అని గొణిగితే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎండెక్కింది. కరుణమ్మ అత్తయ్య బిందెతో మంచినీళ్ళు తెచ్చింది. పెళ్ళివారి పెద్దావిడ చేత్తోనే వద్దని సైగ చేసింది. పెళ్ళికూతురు మాత్రం బాసికంతోనే లేచి వచ్చి, "నాకు దాహంగా ఉంది నాయనమ్మా" అని దోసిలి పట్టింది. అత్తయ్య పోసింది. ఆ పిల్ల తాగి, "చల్లగా ఉన్నాయండి" అంది. ఆ మొత్తం గొడవలో మా వాళ్ళను 'అండి' అన్నది ఆ ఒక్క మనిషే.

మావయ్య రెండు గంటలు తడిమాడు. దిబ్బకు అవతల, ఎవరూ అనుకోని వైపు, సన్నటి పాయ దొరికింది. మగవాళ్ళందరూ నెట్టి స్టీమరును నీళ్ళలోకి దించారు. గుర్తులు పాతే వ్యవధి లేదు. మావయ్యే గుర్తయ్యాడు. కుడిచెయ్యి పైకెత్తి రొమ్ము లోతులో ముందు నడుస్తుంటే ఆ పొగగొట్టం, ఆ చక్రం, ఆ తోరణాలు ఆయన వెనక మెల్లగా కదిలాయి. అంత పెద్ద యంత్రం ఒక మనిషి అరచేతి వెనక నడవడం నేను అంతకుముందు గాని, ఆ తరవాత గాని చూడలేదు. కాని అప్పటికే పదకొండున్నర దాటింది. పెళ్ళి వేరే ముహూర్తానికి అయిందని తరవాత విన్నాం. పెళ్ళి ఆగలేదు, ఆసామి కోపమూ ఆగలేదు. స్టీమరు కొన్నవాళ్ళలో ఆయన వియ్యంకుడూ ఒకడు.

నేను సాయంత్రం నందిగామ వచ్చి వార్త రాశాను. నాలుగు పేజీలు. జరిగింది జరిగినట్టు, పడవకు సెలవు రోజని, కబురు అందలేదని, దారి వెతికి తీసుకుపోయింది ఆయనేనని. బస్సు డ్రైవరు చేత పంపాను. మంగళవారం పేపరు వచ్చింది. నాలుగు పేజీలు నాలుగు వాక్యాలయ్యాయి. పెళ్ళి బృందంతో పోతున్న స్టీమరు ఇసకలో చిక్కుకుంది. ముహూర్తం తప్పింది. ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. దారి గుర్తులను ముందే పెరికివేసినట్లు రేవు ఉద్యోగి దానేలు అంగీకరించాడు. అంతే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నన్ను ఇన్నేళ్ళూ తినేసింది. అబద్ధమైతే ఖండించవచ్చు. సగం నిజాన్ని ఏం పట్టుకుని ఖండించాలి? బెజవాడ పోయి డెస్కులో అడిగాను. అక్కడి సబ్‌ఎడిటరు తల ఎత్తకుండానే, "చోటు లేదబ్బాయ్. కింద నుంచి కోస్తాం. ముఖ్యమైంది పైన రాయాలి, నేర్చుకో" అన్నాడు. నేర్చుకున్నాను. ఆ పత్రికే తరవాత నాకు ఉద్యోగం ఇచ్చింది, నేనూ కింద నుంచే కోశాను.

పది రోజులకు స్టీమరు కొన్న వర్తకులు వచ్చి మా రేవు పాకలో విచారణ జరిపారు. ఒక పూట. బల్ల మీద ఆ పేపరు కత్తిరింపు ఉంది. మావయ్యను అడిగారు, "గుర్తులు నువ్వే పీకావా?" "అవునండి." "ఆదివారం పడవ వచ్చేసరికి అవి లేవు?" "లేవండి." ఆ రెండు ప్రశ్నలకు వేరే జవాబు ఆయన దగ్గర లేదు. మూడో ప్రశ్న వాళ్ళ దగ్గర లేదు. ఏజెంటు కత్తిరింపు చూపించి, "వాళ్ళ మేనల్లుడే రాశాడండి" అన్నాడు. నేను ఉండబట్టలేక ముందుకు పోయాను.

"సగమే వేశారండి. మిగతా సగం నేను రాశాను."

"ఏదీ, కాపీ ఉందా?"

లేదు. కాపీ ఉంచుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు.

"లేనిదాన్ని పట్టుకుని ఏం మాట్లాడతాం బాబూ, కూచో" అన్నారు. కూచున్నాను.

మస్తాన్ సాయిబును గుర్తులు ఉన్నాయా లేవా అని మాత్రమే అడిగారు. లేవన్నాడు. ఆయనకు పోగొట్టుకోలేని సరంగు సర్టిఫికెట్టు ఉంది, ఐదుగురు పిల్లలున్నారు. ఒక సాయంత్రం ఆయన మా మావయ్య గడపలో కూచుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అత్తయ్యే అంది, "ఇంత మౌనం ఇక్కడెందుకు సాయిబుగారూ, మొన్న చాలినంత వాడారుగా" అని. మావయ్య ఆమెను కసిరాడు. సాయిబు లేచి, "ఆమె అన్నది నిజమే దానేలూ" అని వెళ్ళిపోయాడు.

మావయ్యను తీసేశారు. పల్లెలో ఉంటే ఏరు కనబడుతుందని అత్తయ్యను తీసుకుని వత్సవాయి వైపు పోయి పత్తి చేలల్లో కూలికి కుదిరాడు. మెట్ట నేల మీద ఆ కాళ్ళు బాగుపడ్డాయి. బీటలు పూడాయి. చూడ్డానికి వెళితే పాదాలు చూపించి, "చూశావా అల్లుడూ, దొరల కాళ్ళయినై" అని నవ్వేవాడు. గుర్తులు పెట్టడానికి వచ్చిన కొత్త మనిషి గడకర్రతో పడవ మీంచే లోతు చూసేవాడు. స్టీమరు వారానికోసారి ఎక్కడో ఒకచోట ఆగేది. ఈలోగా రోడ్డు పడింది, బస్సులు పెరిగాయి, పైన పెద్ద ఆనకట్ట పని మొదలైంది. కొన్నేళ్ళకు స్టీమరును బెజవాడ ఒడ్డున విప్పి ఇనప తుక్కుగా అమ్మేశారు. స్టీమరు పోయిన కథ అందరికీ జాలి కలిగిస్తుంది, బ్రోషర్లో వేసుకోవచ్చు. మనిషి నష్టపోయింది వేసుకోరు.

పందొమ్మిది వందల అరవైల చివర నేను జిల్లా పేజీకి ఇన్‌చార్జి అయ్యాను. ఆ సంగతి తెలిసి మావయ్య ఒకనాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చాడు. బస్సు దిగి దారి కనుక్కుంటూ వచ్చాడు, చేతిలో సంచి, తల మీద తువ్వాలు. టీ తాగాక నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పుడు వేసేది నువ్వేనంట కదా."

"అవును మావయ్యా."

"అయితే ఆ మిగతా సగం వెయ్యి."

నేను చెప్పాను. పాత సంగతి, వార్త అంటే సందర్భం ఉండాలి, ఊరికే వేస్తే పైవాళ్ళు అడుగుతారు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మరి అప్పుడు సందర్భం ఉంది కదరా. అప్పుడెందుకు సగం వేశారు?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆయన రెట్టించలేదు. బస్సుకు టైమయిందని లేచాడు. నేను పేజీలో చోటు చూసుకుంటానని అన్నాను. చూసుకోలేదు. ప్రతివారం ఏదో ఒకటి అడ్డం వచ్చేది, ఒక మంత్రి పర్యటన, ఒక వరద, ఒక ప్రకటన. ఆయన పోయిన రోజున కూడా మూడు వాక్యాల వార్త వేశాను. వత్సవాయిలో ఎవరో దానేలు అనే వృద్ధుడు మరణించాడని. ఏటి మాట అందులో లేదు.

ఇప్పుడు కొత్త నౌక కంపెనీ కుర్రాడు చెబుతున్నాడు, నది అడుగును యంత్రం చూస్తుందట, తెర మీద లోతు అంకెలతో సహా పడుతుందట. మంచిదే. మనిషి రొమ్ము లోతులో చెయ్యెత్తి నడవనక్కర్లేదు. అప్పటికంటే ఇప్పుడు చాలా సంగతులు మెరుగు. ఎడం తగ్గింది, మంచినీళ్ళు ఎవరిచ్చినా తాగుతున్నాం. ఒక్కటి మాత్రం అలాగే ఉంది. కింద నుంచి కొయ్యడం. అడుగున ఎవరి పేరుంటే వాళ్ళ పేరు పోతుంది.

ఇది రాయడం కోసమని పోయిన నెల తిరగని చోటు లేదు. విచారణ కాగితాల నకలు, ఏజెంటు బంధువుల ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో దొరికింది. రెండు పేజీలు. అందులో ఏజెంటు మాట ఉంది, శనివారం మధ్యాహ్నమే దానేలుకు కబురు పంపామని. ఎవరి చేత పంపారో లేదు. మూడో ప్రశ్న అదే కావలసింది, వాళ్ళు అడగలేదు. ఆ పాకలో పేపరు విలేకరిగా నేనూ ఉన్నాను, నేనూ అడగలేదు. ఏజెంటు పోయాడు, మస్తాన్ సాయిబు పోయాడు, ఆ రోజుల్లో కబుర్లు మోసిన నందిగామ బస్సు డ్రైవర్లెవరూ ఇప్పుడు లేరు. శనివారం నాడు ఆ కబురు బెజవాడలో బయల్దేరిందా, అసలు బయల్దేరనే లేదా అన్నది ఇంతవరకు తేలలేదు.